వెండి రంగు వేస్తే విమానమవుతుందా?

2025 సెప్టెంబరు 26. టీవీలో చండీగఢ్ నుంచి ప్రత్యక్ష ప్రసారం వస్తోంది. 1963లో మన వాయుసేనలో చేరిన మిగ్-21 ఆఖరిసారి ఆకాశంలోకి లేచిన రోజది. తెనాలిలో మా పెదనాన్న కుర్చీని టీవీకి మూడడుగుల దూరం దాకా జరుపుకుని మరీ చూస్తున్నారు. ఒక కంటికి శుక్లం తీయించుకున్నారు. రెండో కంటికి ‘చూద్దాంలే’ అంటూ వాయిదా వేస్తున్నారు. అందుకే ఆ మూడడుగుల దూరం.

ఆయన వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా పనిచేశారు. అంటే విమానం నడిపేవారు కాదు, విమానం ఒంటిని చూసుకునేవారు. రెక్క, తోక, పొట్ట, వాటి మీది రేకు, ఆ రేకును పట్టి ఉంచే రివెట్లు... ఇదీ ఆయన ప్రపంచం. విమానాలు దిగాయి. వాటి మీద నీళ్లు చిమ్మి వందనం చేశారు. ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం. పెదనాన్న మాత్రం కొట్టలేదు.

“నేనెరిగిన మిగ్ ఇలా ఉండేది కాదురా. ఇది బూడిద రంగు. మాది వెండి” అన్నారు.

అంతే. ఆ ఒక్క మాట నాతో మూడు నెలలు పని చేయించింది. ఈ శీర్షిక చదివేవాళ్లకు తెలుసు, ఏ అభిరుచి గురించి రాసినా నేను ముందు చెడగొట్టి, తర్వాతే నేర్చుకుంటాను. ఈసారి కూడా అంతే జరిగింది. కాకపోతే చెడగొట్టింది ఒకసారి కాదు, మూడుసార్లు.

సత్తు గిన్నె దిగొచ్చింది

ప్లాస్టిక్ మోడల్ కిట్లు చాలామంది చూసే ఉంటారు. పెట్టెలో ఓ ఫ్రేముకు అతుక్కుని వచ్చే భాగాలను కత్తిరించి, అతికించి, రంగులేసి విమానాన్ని తయారుచేసుకోవాలి. ఎక్కువమంది చేసేది 1/72 స్కేలు. అంటే అసలు విమానంలో 72వ వంతు. మిగ్-21 రెక్కల వెడల్పు ఏడు మీటర్ల పైచిలుకు కాబట్టి మోడల్‌లో అది సుమారు పది సెంటీమీటర్లకు వస్తుంది. అరచేతిలో పట్టే విమానం!

వెండి రంగే కదా, ఇందులో కష్టమేముంది అనుకున్నాను. మభ్యపెట్టే పచ్చ, గోధుమ రంగుల మచ్చలు లేవు. గీతలు లేవు. ఒకటే రంగు. హార్డ్‌వేర్ షాపులో సిల్వర్ స్ప్రే డబ్బా కొన్నాను. డాబా మీదికెళ్లి కొట్టాను. పావుగంటలో పనైపోయింది.

మర్నాడు చూస్తే చేతిలో ఉన్నది విమానం కాదు. గేటుకు వేసే రంగు పూసిన సత్తు గిన్నె. అతుకుల దగ్గర గీతలు, రెక్క మీద బొబ్బలు, ఓ పక్క నా బొటనవేలి ముద్ర... అన్నీ అంతకుముందుకన్నా స్పష్టంగా కనిపిస్తున్నాయి. పెదనాన్నకు ఫోన్లో ఫొటో పంపితే “ఏ గుళ్లోదిరా ఈ ఉత్సవ విగ్రహం?” అన్నారు.

అప్పుడు తెలిసింది. మోడళ్లు చేసేవాళ్లు అన్నిటికన్నా భయపడేది ఈ ‘రంగు లేని’ విమానానికేనట!

వెండి రంగు ఎందుకు మోసం చేస్తుంది?

కారణాలు రెండు. మొదటిది రేణువులు. సిల్వర్ పెయింట్ అంటే ద్రవంలో కలిపిన అల్యూమినియం పొలుసులే. ఒక్కో పొలుసు మిల్లీమీటరులో ముప్ఫయ్యో వంతు ఉందనుకుందాం. గేటు మీద అదేం పెద్ద లెక్క కాదు. కానీ 1/72 మోడల్ మీద దాన్ని 72తో గుణించి చూడాలి. అంటే అసలు విమానం మీద రెండున్నర మిల్లీమీటర్ల పలుకన్నమాట. విమానం ఒంటి నిండా ఆవగింజలు చల్లినట్టు! మన కన్ను లెక్కలు వేయదు కానీ ‘ఇది లోహం కాదు’ అని ఇట్టే పట్టేస్తుంది.

రెండోది నునుపు. మామూలు రంగు కింద ఉన్న లోపాలను కప్పుతుంది. లోహపు రంగు అలా కాదు, వాటిని చాటి చెబుతుంది. ఎందుకంటే లోహాన్ని మనం గుర్తుపట్టేది దాని రంగును బట్టి కాదు, అది వెలుతురును తిప్పికొట్టే తీరును బట్టి. కింద చిన్న గీత ఉన్నా వెలుతురు అక్కడ వంకరపోతుంది. మన తలవెంట్రుక ఒకటి రంగు కింద ఇరుక్కుందనుకోండి, 72 రెట్లు చేసి చూస్తే అది అర సెంటీమీటరు మందమున్న తీగ. వాయుసేన విమానం రెక్క మీద తీగ పడి ఉంటే ఎవరైనా ఊరుకుంటారా!

అసలు విమానానికి రంగెందుకు లేదు?

విమానం రేకు ఉత్త అల్యూమినియం కాదు. అల్యూమినియం మెత్తన. అందులో రాగి, మరికొన్ని లోహాలు కొద్దికొద్దిగా కలిపితే ఉక్కులాంటి బలం వస్తుందని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ విల్మ్ కనిపెట్టాడు. దానికే డ్యూరాల్యుమిన్ అని పేరు. అయితే బలమొచ్చింది గానీ తుప్పు బెడద కూడా వచ్చింది. 1920ల చివర్లో అమెరికన్ కంపెనీ ఆల్కోవా దానికో ఉపాయం చేసింది. బలమైన మిశ్రమలోహపు రేకుకు రెండు వైపులా పల్చగా స్వచ్ఛమైన అల్యూమినియం పొర అతికించింది. రాగి బిందెకు కళాయి వేసినట్టే! ఆ రేకు పేరు ఆల్‌క్లాడ్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

పైపొర తనను తాను కాపాడుకుంటుంది కాబట్టి రంగు లేకపోయినా విమానానికి వచ్చిన నష్టం లేదు. పైగా రంగు బరువు తగ్గుతుంది. తయారీలో సమయమూ కలిసొస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో ఆకాశం తమ చేతికి చిక్కాక, 1944 నుంచి అమెరికా తన విమానాల్ని చాలావరకు రంగు లేకుండానే పంపింది. యుద్ధం తర్వాత జెట్ల తరంలో సోవియట్ యూనియన్ కూడా అదే దారి పట్టింది. మిగ్-15, మిగ్-17, మిగ్-19, మిగ్-21... అన్నీ మొదట్లో మెరిసినవే.

మనకు 1960ల్లో వచ్చిన మిగ్-21 ఎఫ్ఎల్ రకం కూడా అలాంటిదే. దాన్ని మన దేశంలోనే తయారుచేసింది హిందుస్థాన్ ఏరోనాటిక్స్. విమానం ఒళ్లు నాసిక్‌లో, ఇంజిను కొరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు మన హైదరాబాద్ బాలానగర్‌లో. అంటే ఆ వెండి ఒంటి లోపలి నరాలు కొన్ని తెలుగునేల మీద తయారైనవే. 1971 యుద్ధం వచ్చేసరికి మెరిసే ఒళ్లు శత్రువుకు దూరం నుంచే కనిపిస్తుందని హడావుడిగా వాటికి పచ్చ, గోధుమ రంగులు పూశారు. ఆ ఏడాది డిసెంబరు 14న ఢాకాలోని గవర్నర్ హౌస్ మీద దాడి చేసింది ఈ మిగ్‌లే.

“పెళ్లికూతురికి బురద పూసినట్టయింది” అంటారు పెదనాన్న ఆ రంగుల గురించి.

రెండో ప్రయత్నం: నలుపే పునాది

ఈసారి పద్ధతిగా మొదలుపెట్టాను. మీరు చేసినా ఈ వరసలోనే చేయండి.

అతుకులు: రెండు సగాలు అతికిన చోట సన్నటి గాడి ఉంటుంది. మామూలు రంగైతే లప్పం పెట్టి ఊరుకోవచ్చు. లోహపు రంగు కింద లప్పం పనికిరాదు. అది రంగును పీల్చుకుని, ఆరాక మచ్చలా బయటపడుతుంది. దాని బదులు ఫెవిక్విక్ లాంటి జిగురు చుక్కలుగా వేసి, గట్టిపడ్డ గంటా రెండు గంటల్లోనే రుద్దేయాలి. మర్నాటికి వదిలేస్తే రాయిలా అయిపోతుంది. ప్లాస్టిక్ అరుగుతుంది గానీ అది అరగదు.

రుద్దడం: కార్లకు రంగులేసేవాళ్లు వాడే వాటర్ పేపర్ చాలు. 600తో మొదలుపెట్టి 1000, 1500, 2000 దాకా, నీళ్లతో. ప్రతిసారీ దిక్కు మార్చి రుద్దితే పాత గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. విసుగొచ్చే పని ఇదే. విమానం విమానంలా కనిపించేదీ ఇక్కడే.

కడగడం: సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి, ఆ తర్వాత చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు. వేలికున్న జిడ్డు చాలు, రంగు అక్కడ నిలవదు.

నలుపు: ఇదే అసలు రహస్యం. వెండి రంగుకు ముందు మెరిసే నల్లరంగు వేయాలి. మొహం చూసుకునేంత నునుపుగా ఉండాలి. ఎందుకంటే మంచి లోహపు రంగుల్లో రేణువులు పిండికన్నా మెత్తగా ఉంటాయి. అవి చాలా పల్చటి పొరగా పడతాయి. కింద నలుపు ఉంటే ఆ పొరకు లోతు వస్తుంది. పాదరసం పూత వేయని అద్దం వెనక నల్లగుడ్డ పెట్టి చూడండి, మీ ముఖం కనిపిస్తుంది. అదే సూత్రం. లాకర్ రకమైతే ఒకరోజు, ఎనామిల్ అయితే రెండుమూడు రోజులు పూర్తిగా ఆరనివ్వాలి. తొందరపడితే పైపొర పగుళ్లిస్తుంది.

లోహం: దీనికి ఎయిర్‌బ్రష్ కావాలి. కంప్రెసర్ ఒత్తిడి 12 నుంచి 15 పీఎస్ఐ. మోడల్‌కు రెండుమూడు అంగుళాల దూరం నుంచి, అద్దం మీద ఆవిరి పట్టినట్టు పల్చగా, మూడునాలుగు విడతలుగా కొట్టాలి. ‘ఇంకొక్క పూత వేస్తే బాగుంటుందేమో’ అనిపించినప్పుడు ఆపేయాలి. నలుపు పూర్తిగా మాయమయ్యేదాకా వేస్తే మళ్లీ సత్తు గిన్నే.

ఇందుకోసం ఎన్నో కంపెనీల రంగులున్నాయి. అందులో పేరుపడ్డది అమెరికాలో పుట్టిన ‘ఆల్‌క్లాడ్ 2’. ఆ పేరు ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది కదా! స్పెయిన్ నుంచి వచ్చే వల్లెహో ‘మెటల్ కలర్’ నీటి ఆధారిత రంగు, వాసన తక్కువ. ఎయిర్‌బ్రష్ లేనివాళ్లకు జపాన్ కంపెనీ తమియా స్ప్రే డబ్బాల్లో ఏఎస్-12 అనే వెండి రంగుంది. రేణువులు సన్నగా ఉంటాయి కాబట్టి మామూలు డబ్బాకన్నా చాలా నయం.

ఒక హెచ్చరిక. లాకర్ రంగులూ, వాటి థిన్నరూ ఇట్టే అంటుకుంటాయి. ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. కిటికీలు తెరిచి, రసాయన ఆవిరిని ఆపే మాస్కు పెట్టుకునే పనిచేయండి. ముక్కుకు రుమాలు కట్టుకుంటే సరిపోదు. పక్కన పొయ్యి, దీపం, అగరుబత్తి ఏవీ వెలుగుతూ ఉండకూడదు. పిల్లలు చేస్తామంటే పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

ఇన్ని జాగ్రత్తలతో చేశాక రెండో మిగ్ తళతళలాడింది. నాకైతే గర్వంగా అనిపించింది. ఆదివారం తెనాలి తీసుకెళ్లాను. పెదనాన్న కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూఇటూ తిప్పారు.

“బాగుంది. స్కూటర్ బంపర్‌లా ఉంది” అన్నారు.

ఒక్క విమానం, ఇరవై వెండులు

తప్పెక్కడుందో ఆయనే చెప్పారు. విమానం ఒకే రేకుతో చేసింది కాదు. పదుల కొద్దీ పలకలు. ఒక్కోటీ ఒక్కో రేకులోంచి కోసింది. రేకును రోలర్ల మధ్య నుంచి తీసినప్పుడు దానికి సన్నటి పోగు వస్తుంది, చేనేత బట్టకు నేత దిక్కు ఉన్నట్టు. పక్కపక్క పలకల్లో ఆ దిక్కు వేరైతే ఒకటి తెల్లగా, ఇంకోటి ముదురుగా కనిపిస్తుంది. మనం రెండడుగులు పక్కకు జరిగితే తెల్లది ముదురవుతుంది, ముదురుది తెల్లబడుతుంది. మరమ్మతు చేసి కొత్త పలక వేస్తే అదొక్కటే నిగనిగలాడుతుంది. తోక చివర ఇంజిను మంట తగిలేచోట ఉండేది అల్యూమినియం కాదు, వేడికి తట్టుకునే లోహం. అది కాలి, గోధుమ, నీలం కలిసిన రంగుకు తిరుగుతుంది. మాడిన పెనం అంచు చూడండి, అచ్చం అలాగే.

వెండిగా లేనివీ ఉన్నాయి. ముక్కు మధ్యలోని శంకువు, తోక కొస ఆకుపచ్చగా ఉంటాయి. వాటి లోపల రేడార్, యాంటెన్నాలు ఉంటాయి కాబట్టి అక్కడ లోహం వాడకూడదు. తరంగాలు దాటిపోవాలి కదా.

ఈ తేడాలు మోడల్ మీద తేవడం కష్టమేమీ కాదు. మొత్తం ఒక వెండి వేశాక, కొన్ని పలకల చుట్టూ కాగితపు టేపు అంటించి, అదే రంగులో ఒక చుక్క నలుపో, నీలమో కలిపి పల్చగా కొట్టాలి. టేపును ముందు ప్యాంటుకు రెండుమూడుసార్లు అంటించి తీస్తే జిగట తగ్గుతుంది, కింది రంగు ఊడిరాదు. తేడా మరీ ఎక్కువ ఉండకూడదు. దూరం నుంచి కనిపించకూడదు, తిప్పితే కనిపించాలి. గుడ్డతో రుద్దితే మెరుపు వచ్చే రకం రంగులు కూడా ఉన్నాయి. వాటి మీద మాత్రం టేపు వేయొద్దు, ఊడొచ్చేస్తాయి.

చివర్లో వార్నిష్ వేయాలా? వీలైతే వద్దు. చాలా వార్నిష్‌లు లోహపు మెరుపును బూడిద చేస్తాయి. గుర్తులు, అంకెల స్టిక్కర్లు నునుపైన నేల మీద వాటంతటవే బాగా కూర్చుంటాయి.

ఇంకో సంగతి. వెండిగా కనిపించేదంతా లోహమే అనుకోవద్దు. రెండో ప్రపంచయుద్ధపు మేటి విమానం పి-51 మస్టాంగ్ మోడల్ చేసేవాళ్లు చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. దాని ఒళ్లు నిజంగానే ఉత్త లోహం. రెక్కలు మాత్రం కాదు. గాలి వాటి మీద అడ్డం లేకుండా జారిపోవాలని ఫ్యాక్టరీలోనే అతుకులకూ రివెట్లకూ లప్పం పెట్టి, నున్నగా రుద్ది, వెండి రంగు వేసేవారు. కాబట్టి ఆ మోడల్‌లో ఒంటికి మెరుపు, రెక్కలకు మందకొడి వెండి రంగు ఉండాలి. చూశారా, ఇక్కడ గేటు రంగు కూడా పనికొస్తుంది!

రివెట్ల దగ్గర దొరికిపోయాను

మూడో మిగ్ ఇంకా శ్రద్ధగా చేశాను. ఆరు రకాల వెండి, కాలిన తోక, పచ్చటి ముక్కు. ఇక చివరి మెరుగు. మోడళ్లు చేసేవాళ్లు పలకల మధ్య గీతలు కనిపించడానికి పల్చటి నల్లరంగు పారించి, పైపైన తుడిచేస్తారు. గీతల్లో మాత్రం నలుపు నిలుస్తుంది. నేను అంతటితో ఆగలేదు. సూదిమొన బ్రష్‌తో ప్రతి రివెట్ చుట్టూ నల్లచుక్క పెట్టి, గాలికి వెనక్కి సాగినట్టు సన్నగా లాగాను. రెండు రాత్రులు పట్టింది. నిజమైన విమానం లాగే వాడి వాడి మాసిపోయినట్టు వచ్చింది. నా లెక్కలో ఇదే కళాఖండం.

పెదనాన్న ఈసారి చాలాసేపు చూశారు. కన్ను సరిగ్గా ఆనక భూతద్దం తెప్పించుకున్నారు. రెక్క మొదలు దగ్గర ఆగిపోయారు.

“ఈ విమానాన్ని నేను ఎగరనివ్వను” అన్నారు.

నవ్వాను. ఆయన నవ్వలేదు.

రివెట్ బిగువుగా ఉంటే దాని చుట్టూ శుభ్రంగా ఉంటుందట. వదులైతే ఎగిరినప్పుడల్లా సన్నగా కదులుతుంది. ఆ రాపిడికి అల్యూమినియం పొడిగా రాలి, నల్లబడి, గాలికి వెనక్కి సాగి మసిలా అంటుకుంటుంది. ఇంగ్లిష్‌లో దాన్ని ‘స్మోకింగ్ రివెట్’ అంటారు, పొగ తాగే రివెట్ అన్నమాట. ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్ రోజూ తెల్లవారుజామున టార్చిలైటు పట్టుకుని వెతికేది ఆ మసి కోసమే. ఒక్కటి కనిపించినా రాసుకోవాలి, చెప్పాలి, ఆపాలి. నేను విమానం నిండా నాలుగైదు వందలు పెట్టాను!

“రంగు లేని విమానం మంచిదిరా. ఏదీ దాచదు. పగులొచ్చినా, నూనె కారినా, రివెట్ వదులైనా పైకి చెప్పేస్తుంది. రంగేశాక వెతుక్కోవాల్సి వచ్చేది” అన్నారు.

తర్వాత ఆయన ఏమీ మాట్లాడలేదు. నాకు 2012లో అప్పటి రక్షణమంత్రి ఎ.కె.ఆంటోనీ రాజ్యసభకు చెప్పిన లెక్క గుర్తొచ్చింది. 1971 నుంచి అప్పటిదాకా మన 872 మిగ్ విమానాల్లో 482 ప్రమాదాల పాలయ్యాయి. 171 మంది పైలట్లు పోయారు. అందులో ఎన్నిటికి కారణం ఇంజిను, ఎన్నిటికి పక్షులు, ఎన్నిటికి మనిషి పొరపాటు అన్నది వేరే చర్చ. కానీ విమానం వెళ్లాక అది తిరిగొచ్చే చప్పుడు కోసం కింద నిలబడి చెవులు రిక్కించే మనిషికి, రివెట్ పక్కన నల్లచుక్క అలంకారం కాదు.

ఆ రాత్రి దూదిపుల్లలతో ఆ మసంతా తుడిచేశాను. దానితోపాటు కింది వెండీ పోయింది. మూడోది కూడా అలా చెడింది.

నాలుగోది వంటింట్లో దొరికింది

మర్నాడు పొద్దున ఇడ్లీలు పార్సిల్ తెచ్చారు. పెదనాన్న ఆ అల్యూమినియం రేకును టేబుల్ మీద పరిచి, చెంచా వెనకభాగంతో సాపు చేస్తూ కూర్చున్నారు. “లోహం కావాలంటే లోహమే వేయొచ్చుగా?” అన్నారు.

నిజమే, అలా చేసేవాళ్లూ ఉన్నారు. మోడళ్ల కోసమే వెనక జిగురుతో వచ్చే రేకు అమ్ముతారు. వంటింటి రేకుతోనూ చేస్తారు. లెక్కేసి చూస్తే ఆశ్చర్యమేసింది. వంటింటి రేకులో 11 మైక్రాన్ల రకం ఉంటుంది. దాన్ని 72తో గుణిస్తే 0.8 మిల్లీమీటర్లు. అసలు విమానాల రేకు మందం కూడా అటూఇటుగా అంతే! అంటే రంగు వేసిన మోడల్ విమానానికి బొమ్మ అయితే, రేకు వేసినది విమానానికి చుట్టం.

పద్ధతి ఇది. బంగారు రేకు అతికే పల్చటి జిగురును రేకు వెనక పూయాలి. తడి పోయి జిగట మిగిలేదాకా ఆగాలి. పలక కన్నా కాస్త పెద్ద ముక్క కోసి పరిచి, మధ్య నుంచి అంచులకు దూదిపుల్లతో రుద్దాలి. కింది గాడి తేలుతుంది. ఆ గాడి వెంట కొత్త బ్లేడుతో కోసి మిగతాది లాగేయాలి. ఒక పలక అయ్యాక పక్క పలక. రేకుకు ఒకవైపు మెరుపు, రెండోవైపు మందం ఉంటాయి. ఏ పలకకు ఏ వైపు పైకి పెట్టాలో మీ ఇష్టం. అన్నిటికన్నా నున్నటి వాటర్ పేపర్‌తో ఒకే దిక్కులో సున్నితంగా రుద్దితే నేను చెప్పిన ఆ ‘నేత దిక్కు’ వచ్చేస్తుంది. ముక్కు లాంటి గుండ్రటి చోట మాత్రం ముడతలు పడతాయి. అక్కడ చిన్నచిన్న ముక్కలుగా వేయాలి, లేదంటే రంగు వేసుకోవాలి. అన్నట్టు, రేకు కింద దుమ్ము పడితే మొటిమలా పొడుచుకొస్తుంది. నునుపు చేయడం మాత్రం ఇక్కడా తప్పదు.

కోయడం నా పని, రుద్దడం పెదనాన్న పని. రుద్దడానికి ఆయనకు కన్ను అక్కర్లేదు. బొటనవేలితో తడిమి “ఇక్కడ గాలుంది” అంటారు. చూస్తే నిజంగానే బుడగ. “ఈ పలకను అడ్డంగా రుద్దాలి, పక్కది నిలువు” అంటారు. నలభై ఏళ్ల కిందటి విమానం ఆయన వేళ్లకు గుర్తుంది. నాలుగు ఆదివారాలు పట్టింది. రంగుకు పావుగంట, రేకుకు నాలుగు వారాలు. ఆ నాలుగు వారాల్లో విన్న కబుర్లు మాత్రం అంతకుముందు ముప్ఫై ఏళ్లలో వినలేదు. ఇంతకాలం నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

మీరు మొదలుపెట్టాలంటే...

మోడల్ మీద మొదలుపెట్టొద్దు. ప్లాస్టిక్ చెంచాలు ఓ డజను కొనండి. ఒకదాని మీద నలుపు లేకుండా వెండి, ఒకదాని మీద నలుపు వేసి వెండి, ఇంకోదాని మీద రేకు. మూడూ కిటికీ దగ్గర పట్టుకుని తిప్పండి. ఈ వ్యాసమంతా చెప్పలేనిది ఆ మూడు చెంచాలు చెబుతాయి.

రెండోది, అసలు విమానాన్ని చూడండి. ఢిల్లీ వెళ్తే పాలంలోని వాయుసేన మ్యూజియంలో మిగ్-21 ఉంది. విశాఖ బీచ్ రోడ్డులో 2017లో పెట్టిన టీయూ-142 మ్యూజియానికి వెళ్తే రేకుల అతుకులు, రివెట్ల వరసలు దగ్గరగా చూడొచ్చు. మనవాళ్లు అమెరికాలో వర్జీనియా వైపుంటే డల్లెస్ విమానాశ్రయం పక్కన స్మిత్సోనియన్ వారి ఉడ్వర్-హేజీ కేంద్రంలో హిరోషిమా మీద అణుబాంబు వేసిన బి-29 ‘ఎనోలా గే’ ఉంది. చరిత్ర మనసుకు భారంగానే ఉంటుంది. కానీ రంగులేని లోహం మీద వెలుతురు ఎన్ని రకాలుగా పడుతుందో తెలుసుకోవడానికి అంత పెద్ద పాఠం ఇంకోటి దొరకడం కష్టం.

మూడోది, మీ ఇంట్లోనో వీధిలోనో విమానాల దగ్గర, రైళ్ల దగ్గర, ఓడల దగ్గర పనిచేసి రిటైరైన పెద్దాయన ఉంటే వెళ్లి అడగండి. ఫొటోలో మరక కనిపిస్తుంది. ఆ మరక మంచిదో చెడ్డదో చెప్పగలిగేది ఆయనే.

మా వెండి మిగ్ ఇప్పుడు తెనాలిలో టీవీ పక్కన ఉంది. దగ్గరగా చూస్తే రెండు ముడతలున్నాయి. ఒక పలక తిరగబడింది. రివెట్ల పక్కన మసి మాత్రం ఎక్కడా లేదు. పూర్తయిన రోజు పెదనాన్న దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి నెమ్మదిగా ఒక చుట్టు తిప్పారు. ఏమంటారో అని చూస్తున్నాను.

“నీ వేలిముద్ర పడింది, తుడువు” అని భుజం మీది తువ్వాలు అందించారు.